వాడుకరుల విన్నపములు



గ్రంథాలయమున బల్లమీద సూచనల పుస్తకమొకటి యుండుట ఆచారము. ఫలానా గ్రంథము తెప్పింపవలెననియు, వెలుతురు చాలదనియు చదువరులు అందులో వ్రాయుదురు. ఆ వ్రాతను చదివి జవాబు చెప్పువారున్నచో గ్రంథాలయము ఊరివారిదగును. లేనిచో అది కొన్ని బీరువాలు గల గది మాత్రమే. ఇట్టి సూచనల పుస్తకము కంప్యూటరు పనిముట్లకును కలదని చాలమంది యెరుగరు.

ఇంటర్నెట్టులోని పుటలను చూపు పనిముట్టు బ్రౌజరు. కంప్యూటరులో దాచిన కాగితములను, ఫొటోలను వెదకి సర్దునది ఫైల్ మేనేజరు. వీనిలో కొన్ని ఓపెన్ సోర్స్ జాతివి. అనగా వాని నిర్మాణసూత్రములను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పదిమందికి పంచవచ్చును. 1998లో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు సూత్రములను లోకమునకు వెల్లడించెను. ఆ వంశముననే 2004లో ఫైర్‌ఫాక్స్ 1.0 వెలువడెను. బగ్‌జిల్లా యను అర్జీల చిట్టాయు 1998లోనే బయటకు వచ్చినది. పొలమునకు సర్వే నంబరు వలె అందులో ప్రతి అర్జీకిని ఒక సంఖ్య యుండును. కేడీఈ అను సంఘమువారు తమ చిట్టాలో దోషములనుండి వేరుపరచి, కోరికలకు విష్‌లిస్టు అను తరగతిని పెట్టిరి.

ఇట్టి విన్నపములకు ఫలమేమి? మూడు దృష్టాంతములు చాలును.

బ్రౌజరులో తెరచిన పుటలను ట్యాబులందురు. వానిని గుంపులుగా కట్టు సదుపాయము 2011లో ఫైర్‌ఫాక్సునకు వచ్చెను. వాడువారు కొద్దిమందియే యని 2016లో దానిని తీసివేసిరి. ఆ కొద్దిమంది ఊరకుండలేదు. 2022లో మొజిల్లావారు సూచనలకై ప్రత్యేకముగా వేదిక నేర్పరుపగా, అచ్చట మిక్కిలిగా కోరబడిన వానిలో ఇది యొకటియైనది. 2025లో ఆ సదుపాయము మరల వచ్చినది.

రెండవది గ్నోమ్ అను సాఫ్ట్‌వేరు కథ. ఫొటోను పంపదలచి ఎన్నుకొనునపుడు పేర్లు మాత్రమే గాక చిన్నబొమ్మలును వరుసగా కనబడవలెనని 2004లో విన్నపము నమోదయ్యెను. అది నెరవేరినది 2023లో! ఆలస్యము పెద్దదే, కాని అర్జీ చిట్టాలో నిలిచియున్నందున కోరిక మరుగునపడలేదు.

మూడవది ఇంకను గమనింపదగినది. గ్నోమ్ వారి ఫైల్ మేనేజరు పేరు నాటిలస్. ఒకే కిటికీని రెండు అరలుగా చేసి, ఇటునుండి అటు ఫైళ్లు మార్చు సదుపాయమును 2012లో అందుండి తొలగించిరి. పలువురకది నచ్చలేదు. లినక్స్ మింట్ వారు ఆ సూత్రములనే తీసికొని, నీమో అను వేరొక ఫైల్ మేనేజరును నిర్మించి, రెండు అరలను నిలుపుకొనిరి. సూత్రములు దాచబడియున్న పనిముట్టులో విన్నపము త్రోయబడినచో అంతటితో సరి. ఇచ్చట వేరు దారి కలదు.

అయినను కోరినదెల్ల జరుగదు. చేర్చిన ప్రతి సదుపాయమును ఏండ్ల తరబడి కాపాడు చేతులు కావలెను. ఆ పని చేయువారిలో పెక్కురు జీతము లేనివారు. కావున విన్నపము వ్రాయు తీరు నెరుగవలెను. ఒక అర్జీలో ఒకే విషయము వ్రాయవలెను. అది ముందే నమోదైనదేమో వెదకవలెను. ఏ ప్రతిని వాడితిరో, ఏమి చేసితిరో, ఏమి జరిగినదో, ఏమి జరుగవలసియుండెనో వరుసగా చెప్పవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అది ఏ పనికి అవసరమో తెలుపవలెను. 'బాగులేదు' అను ఒక్కమాట యెవరికిని దారి చూపదు.

ఫైర్‌ఫాక్సునకును, గ్నోమునకును తెలుగు అనువాదములు కలవు. వానిలో ఒక బొత్తాముపై మాట రైతునకు అర్థము కాకపోయినను, ఒక వత్తు తప్పుగా కనబడినను, ఆ కొరతను దూరదేశములలోని నిర్మాతలు తమంతట తామెరుగలేరు. వాడిన తెలుగువాడే చెప్పవలెను. అతడు విసుగుకొని కంప్యూటరు మూసివేసినచో తప్పు అట్లే నిలుచును. పది పంక్తులు శ్రద్ధగా వ్రాసినచో చిట్టాలో దానికొక సంఖ్య ఏర్పడును. సంఖ్య గల మాటను ఎప్పటికైనను ఎవరో ఒకరు తెరచి చూతురు.

గ్రంథాలయపు బల్లమీది పుస్తకమునకును ఇదియే న్యాయము. సభ్యులారా, అందులోని తెల్లకాగితములు మీ కొరకే యున్నవి.