పత్తి మందు పశువుకు పూయరాదు

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పత్తి, పాడి ఒకే ఇంట ఉంటాయి. అందువల్ల చేనుకు కొట్టగా మిగిలిన మందును గోమార్లకని గేదె ఒంటికి పూయడం అక్కడక్కడా జరుగుతున్నది. ఇది ఎంత ప్రమాదమో తెలియాలంటే, మందు పురుగును ఎలా చంపుతుందో ముందు తెలుసుకోవాలి.

పురుగుమందుల్లో ఎక్కువ భాగం నరాల మీద పనిచేసేవే. నరం నుంచి నరానికి కబురు అందించే రసం ఒకటి ఉంటుంది. కబురు చేరగానే ఆ రసాన్ని విరిచివేసే ఎంజైము మరొకటి ఉంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి భాస్వర జాతి మందులు ఈ ఎంజైమును పనిచేయనివ్వవు. రసం పేరుకుపోయి కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. పురుగు వణికి, గిలగిల కొట్టుకొని, చచ్చుబడిపోతుంది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ దారి వేరు. అవి నరంలో సోడియం వెళ్లే వాకిలిని మూతపడనివ్వవు. గోమారు ఎనిమిది కాళ్ల జీవి, కీటకం కాదు. అయినా దాని నరాలూ వీటికి లొంగుతాయి.

అసలు సంగతి ఇక్కడున్నది. ఆ ఎంజైము గేదెలోనూ ఉంది, మనలోనూ ఉంది. భాస్వర మందు చర్మం గుండా ఇంకినా, పశువు నాకినా చొంగ, కన్నీరు, పారుడు, వణుకు, ఆయాసం కనబడతాయి. వెంటనే చేతులకు తొడుగులు వేసుకొని ఒంటిని సబ్బునీటితో కడిగి, పశువైద్యుని పిలిపించండి. మందు డబ్బా ఆయనకు చూపండి. సకాలంలో అట్రోపిన్ ఇంజెక్షను పడితే పశువు దక్కవచ్చు.

పాల మాట కూడా చెప్పాలి. డి.డి.టి., బి.హెచ్.సి. వంటివి కొవ్వులో నిలిచి వెన్నలోకి వచ్చేవి. సేద్యంలో డి.డి.టి. 1989లోను, బి.హెచ్.సి. 1997లోను నిషేధమయ్యాయి. కాని ఏ మందైనా అజాగ్రత్తగా వాడితే పాలలోకి రావచ్చు. ఒక్క ఇంటి పాలు క్యానులో కలిస్తే ఊరందరి పాలూ చెడినట్లే.

మోతాదు మరవకండి. 1997-98లో అప్పటి వరంగల్ జిల్లా పత్తిలో మందు మీద మందు కొట్టినా లద్దెపురుగు లొంగలేదు. పంట పోయి అప్పులు మిగిలాయి. చాలీచాలని మందు పదేపదే వాడితే తట్టుకున్నవే బతికి పిల్లలు పెడతాయి. గోమార్లదీ అదే తీరు.

కనుక ఇవి పాటించండి:

1. పశువైద్యుడు చెప్పిన మందునే, చెప్పిన పాళ్లలోనే కలపండి.
2. ముందు పశువుకు నీళ్లు తాపండి. కళ్లు, మూతి, పొదుగు, పుండ్ల మీద మందు పడనీయకండి.
3. గుడ్లు కొట్టం గోడ పగుళ్లలో ఉంటాయి. పగుళ్లు పూడ్చి సున్నం వేయండి.
4. మందు డబ్బా చెరువులో కడగకండి. చేపలు చస్తాయి.
5. మందు వాడాక ఎన్నాళ్లు పాలు పోయరాదో డాక్టరును అడిగి, అన్నాళ్లూ సంఘంలో పోయకండి.

నాలుగు రోజుల పాల డబ్బు పోయినా ఫరవాలేదు. పశువు, సంఘం పేరు నిలుస్తాయి. సెలవు.