ఒంటిచేత్తో ఎవరూ పైకి రాలేదు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం నాయకురాలు చేసిన ప్రసంగం)



మన నివేదికలో వచ్చే విజయగాథల గురించి మాట్లాడమని నాకు చెప్పినారు. ప్రతి ఏడాదీ ఐదారుమంది అక్కల కథలు రాస్తాం. ఫోటో వేస్తాం. కింద "స్వయంకృషితో పైకి వచ్చిన మహిళ" అని రాస్తాం. చూస్తే సంతోషమే. ఆ అక్కల కష్టం నిజం, దాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు. కానీ ఆ ఫోటో కింద మనం రాసేది సగం కథే. మిగతా సగం రాయనందువల్ల మనలోనే కొందరికి నష్టం జరుగుతోంది.

ఆ నష్టం ఏమంటే, మన సంఘంలో ఒక సభ్యురాలు మూడు కంతులు కట్టలేకపోతే మొదట వచ్చే మాట, "ఆమె చేసుకోలేదా? నీకేమైంది?" అని. అంటే పైకి వచ్చిన అక్క కథను, రాలేని అక్కను కొట్టడానికి కట్టెలాగా వాడుకుంటున్నాం. ఈ రోజు మన ముందర ఒక తీర్మానం కూడా ఉంది. మూడు కంతులు వరసగా తప్పిన సభ్యురాలిని సంఘం నుంచి తీసేయాలని. చేతులెత్తే ముందు నా మాటలు కొంచెం ఓపికగా వినండి.

మొదట నా సంగతే చెప్తాను. నా ఫోటో కూడా ఒక ఏడాది నివేదికలో పడింది. పన్నెండేళ్ల కిందట సంఘంలో 20,000 రూపాయలు అప్పు తీసుకొని కుట్టుమిషను కొన్నాను. ఇప్పుడు మూడు మిషన్లు ఉన్నాయి, ఇద్దరు ఆడపిల్లలు నా దగ్గర పని చేస్తున్నారు. రాత్రి పదకొండు దాకా జాకెట్లు కుట్టినాను, నడుము నొప్పి వచ్చినా కుట్టినాను. ఇదంతా నా కష్టమే. కానీ నేను పదో తరగతి చదివినానంటే మా పుట్టినూర్లోనే హైస్కూలు ఉండింది. పక్క పల్లెలో నా ఈడు పిల్లలకు ఐదో తరగతితోనే బడి అయిపోయింది. కుట్టుపని మా పెద్దమ్మ నేర్పింది, ఒక్క రూపాయి తీసుకోలేదు. నా బిడ్డల్ని మా అత్తమ్మ పెంచింది. మా ఇల్లు బస్సు ఆగేచోట ఉంది కాబట్టి నాలుగు ఊర్ల వాళ్లు గుడ్డలు ఇచ్చిపోతారు. మా ఆయన తాగడు, సంపాదించింది ఇంటికి తెస్తాడు. ఇందులో నా తెలివి ఎంత ఉందో మీరే చెప్పండి.

నేను అప్పు తీసుకున్న రోజే, అదే మీటింగులో, అంతే దుడ్డు మా సంఘంలో ఇంకొక అక్క తీసుకుంది. నాలుగు గొర్రెలు కొనింది. ఆ అక్క నాకన్నా ముందు లేస్తుంది, నాకన్నా ఎక్కువ నడుస్తుంది. ఆ ఏడాది నీలినాలుక రోగం వచ్చి రెండు గొర్రెలు చచ్చిపోయినాయి. బెంగళూరులో కట్టడం పనికి పోయిన మొగుడు పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రికి దుడ్డు కావాలంటే మిగిలిన గొర్రెలు సంతకు పోయినాయి. పెద్దబిడ్డ బడి మానేసి కూలికి పోయింది. నా పేరు నివేదికలో పడింది, ఆ అక్క పేరు బాకీల పట్టీలో పడింది. మా ఇద్దరి మధ్య తేడా కష్టంలో లేదు. ఆపద వచ్చినప్పుడు వెనక ఆనుకోవడానికి ఏముందో, అందులో ఉంది.

ఇంకొక సంగతి. చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఎస్సీ కాలనీలో ఒక చెల్లెలు టిఫిను అంగడి పెట్టింది. ఇడ్లీ మెత్తగా ఉంటుంది, చట్నీ రుచిగా ఉంటుంది, రేటు తక్కువ. అయినా ఊర్లోవాళ్లు అక్కడ తినరు. బస్సు దిగి ఇంకో అంగడికి పోతారు. కారణం అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. మూడు నెలలకు అంగడి మూతపడితే, "వ్యాపారం చేయడం రాలేదు" అని పుస్తకంలో రాసినారు. ఇది ఆ చెల్లెలికి చేతగాకనా? ఊరి బుద్ధిని ఆమె ఖాతాలో బాకీగా రాసినాం.

అక్కలారా, మనం ఉన్న నేల సంగతి కూడా చూడండి. పడమటి కనుమల చాటున ఉన్నాం మనం. నైరుతి వాన ఆ కొండల అవతలే కురిసిపోతుంది. ఈశాన్యం వాన సముద్రం దగ్గర కురిసి, మనదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. అది కూడా అవసరమైనప్పుడు రాదు. చెనిక్కాయకు విత్తనం, ఎరువు, సేద్యం అన్నీ పెట్టినాక, ఊడలు దిగే టైములో ఇరవై రోజులు వాన లేకపోతే పంట పోయినట్టే. కష్టపడినోళ్లంతా పైకి వచ్చే మాటే నిజమైతే, ఈ దేశంలో అందరికన్నా ముందు అనంతపురం రైతు, రైతుకూలి ఆడమనిషి పైకి రావాల.

భూమి సంగతి చూడండి. ఆడబిడ్డకు కూడా ఆస్తిలో సమాన వాటా ఉండాలని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం చేసినారు. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో మీ పేరు మీద పాసుపుస్తకం ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఎవరి చెయ్యి లేచిందో, ఎవరిది లేవలేదో పక్కపక్కన మీరే చూసుకోండి. పాసుపుస్తకం లేకుంటే పంట అప్పు, పంట బీమా, పరిహారం దొరకడం కష్టం. పని మాత్రం మనదే.

ఇది మన మండలం గొడవ మాత్రమే కాదు. ఓఈసీడీ అని ఎక్కువగా ధనిక దేశాలు కలిసి పెట్టుకున్న ఒక సంస్థ 2018లో లెక్క కట్టింది. తక్కువ ఆదాయం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ల వంశం ఆ దేశం సగటు ఆదాయానికి చేరాలంటే ఎన్ని తరాలు పడుతుంది అని. డెన్మార్కులో రెండు తరాలు. మన దేశంలో ఏడు. డెన్మార్కులో వాళ్లు మనకన్నా మూడింతలు కష్టపడతారా? ఎండలో కలుపు తీస్తారా? లేదు. అక్కడ బిడ్డ పుట్టినప్పటి నుంచి బడి, ఆస్పత్రి, అమ్మ పనికి పోతే బిడ్డను చూసుకునే చోటు, ఇవన్నీ అందరికీ అందుతాయి. నిచ్చెనకు మెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మన నిచ్చెనకు నడుమ మెట్లు లేవు.

మెట్లు వేస్తే మన బిడ్డలు ఎక్కుతారనడానికి సాక్ష్యం ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ బిడ్డకు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల ప్రపంచంలో అంతకుముందు లేదు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు, గిరిజన కుటుంబం. అందరూ ఆ బిడ్డ ధైర్యం గురించి చెప్తారు, నిజమే. కానీ ఆ బిడ్డ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్ కుమార్ గారు పిల్లలకు కొండలెక్కడం నేర్పించాలనుకున్నారు. శేఖర్‌బాబు అనే కోచ్ భువనగిరి గుట్ట మీద నేర్పించినాడు. తర్వాత డార్జిలింగులో, లడఖ్‌లో శిక్షణ ఇచ్చినారు. ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. ఆ బిడ్డతోపాటు ఆనంద్ కుమార్ అనే ఇంకో గురుకులం పిల్లోడు కూడా ఎక్కినాడు. గురుకులం లేకపోతే ఆ బిడ్డ ధైర్యం పాకాల చేలలోనే ఉండిపోయేది. మన పల్లెల్లో అట్లాంటి ధైర్యం ఎన్ని చేలల్లో ఉండిపోయిందో ఎవరు లెక్కపెట్టినారు?

అప్పటి మన జిల్లాలో కొడిగెనహళ్లి గురుకుల పాఠశాల 1972లో పెట్టినారు. పేదింటి పల్లె పిల్లలు అక్కడ చదివి పెద్ద పెద్ద ఉద్యోగాలకు పోయినారు. ఆ పిల్లలు తెలివైనవాళ్లే. కానీ తెలివి 1972కు ముందు కూడా మన పల్లెల్లో ఉండింది. లేనిది హాస్టలు, అన్నం, పంతులు.

మన సంఘాలు కూడా అట్లా వచ్చినవే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకొని, కలిసి పోయి సారా అంగడి మూయించినారు. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగినాయి. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపింది. 2004లో పావలా వడ్డీ వచ్చింది. లెక్క వేసుకోండి. 30,000 రూపాయలకు బయట రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 7,200. పావలా వడ్డీ అయితే 900. ఆ తేడా 6,300 రూపాయలు మన ఇంట్లో మిగిలింది. అది మన ఒక్కరి తెలివి వల్ల మిగల్లేదు.

ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే కూలి రేటు అని చట్టంలో రాసినారు. సేద్యం పనిలో మనకు ఎప్పుడూ తక్కువే ఇచ్చేవాళ్లు. ఆ పని దొరికినాక రైతుల దగ్గర కూడా "ఇంత కూలి ఇస్తే వస్తాం" అని చెప్పే నోరు మనకు వచ్చింది.

ఇప్పుడు కొందరు అక్కలు మనసులో అనుకునే మాట నాకు తెలుసు. "అట్లయితే అందరూ కట్టకుండా కూర్చుంటారు గదా? ఒకరు తప్పితే సంఘం గ్రేడు తగ్గుతుంది, వడ్డీ రాయితీ పోతుంది, కట్టినోళ్లకు శిక్షా?" అని. ఈ భయం న్యాయమైనదే. అప్పు అప్పే, కట్టాల్సిందే. నేను మాఫీ అడగడం లేదు. ఉండీ కట్టనివాళ్లు వేరు, లేక కట్టలేనివాళ్లు వేరు. ఆ తేడా బ్యాంకు మేనేజరుకు తెలీదు. పక్కింట్లో ఉన్న మనకు తెలుసు. సంఘం అని పెట్టుకున్నది దానికే.

తేడా చూడకుండా వసూలు ఒక్కటే చూస్తే ఏమవుతుందో మన రాష్ట్రం 2010లో చూసింది. వారం వారం కంతు అని మైక్రోఫైనాన్సు కంపెనీలు వచ్చినాయి. ఒకరు కట్టకపోతే తోటి ఆడవాళ్లనే ఆ ఇంటి ముందర కూర్చోబెట్టినారు. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆపాల్సి వచ్చింది. ఆ కంపెనీల మాదిరి మనం కాకూడదు.

అందుకని మహాసభకు నేను మూడు మాటలు మనవి చేసుకుంటున్నాను.

ఒకటి. తీర్మానంలో "తీసేయాలి" అని ఉన్నచోట "ఇంటికి పోవాలి" అని రాసుకుందాం. మూడు కంతులు తప్పితే సంఘం నుంచి ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి పోయి, ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటినుంచి ఎంత కట్టగలదు అని అడిగి మినిట్సు పుస్తకంలో రాయాలి. గడువు పెంచితే కట్టగలిగేవాళ్లకు గడువు పెంచాలి. ఉండీ కట్టనివాళ్ల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.

రెండు. ప్రతి సంఘంలో పదిమంది నెలకు పదేసి రూపాయలు ఆపద నిధికి వేద్దాం. సంఘానికి ఏడాదికి 1,200 అవుతుంది. ముప్పై సంఘాలు ఉన్న గ్రామ సంఘంలో 36,000. కంతు వెయ్యి రూపాయలు అనుకుంటే, పన్నెండు మంది అక్కలకు మూడేసి నెలల కంతు అందులోంచి కట్టవచ్చు. గ్రేడు పోదు, రాయితీ పోదు. నిలదొక్కుకున్నాక ఆ అక్క తిరిగి కడుతుంది. ఇది దానం కాదు. ఈ ఏడాది ఆమెకు వచ్చింది, వచ్చే ఏడాది మన గొర్రెలకు రావచ్చు.

మూడు. విజయగాథ రాసేటప్పుడు ఆ అక్క కష్టంతోపాటు, ఆమెకు ఎవరెవరి చెయ్యి అందిందో కూడా రాయాలి. అప్పు ఎక్కడిది, వడ్డీ ఎంత, భూమి ఎవరిది, బిడ్డల్ని ఎవరు చూసినారు, పని ఎవరు నేర్పినారు. అది చదివితే ఇంకో అక్క "నాకు చేతకాదు" అని కుంగిపోదు. "నాకు ఇది అందలేదు, దీన్ని అడగాల" అని మీటింగులో లేచి నిలబడుతుంది. గెలవలేకపోయిన ఒక అక్క కథ కూడా ఏడాదికి ఒకటి, పేరు లేకుండా, ఆమె ఒప్పుకుంటే వేద్దాం. ఏ మెట్టు లేక ఆగిపోయిందో మనకు తెలుస్తుంది.

ఇంకో చిన్న మాట. మీటింగులు ఎప్పుడూ ఊరి నడుమనే పెట్టుకుంటున్నాం. నెలకు ఒకటి కాలనీలో పెట్టుకుందాం. ఆ రోజు టిఫిను ఆ చెల్లెలి దగ్గర చేయించుకుందాం, అందరం కూర్చొని తిందాం. దుడ్డు ఇచ్చే తిందాం.

ఒక చెయ్యి తట్టితే చప్పుడు కాదని మన పెద్దలు ఎప్పుడో చెప్పినారు. తీర్మానం మార్చడానికి ఒప్పుకునేవాళ్లు ఇప్పుడు చేతులెత్తండి. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి మాట్లాడండి, వింటాం.