విదేశములందలి బంధువులు – ధనవినిమయము – ఆదాయపు పన్ను
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)

 

కార్యదర్శిగారు నన్నుపన్యసింపుమని కోరినపుడు విద్యాభివృద్ధినిగూర్చియో, ఐకమత్యమునుగూర్చియో చెప్పుదునని తలచియుందురు. ఆ విషయములను నాకంటె సమర్థులు ముచ్చటింపనున్నారు. నేను మన యిండ్లలో ననేకులకు నిద్రపట్టనీయని యొక లౌకికవిషయము నెన్నుకొంటిని. విదేశములందున్న బంధువులకును మనకును నడుమ వచ్చుచు పోవుచునుండు ధనముపై పన్ను ఎప్పుడు పడును, ఎప్పుడు పడదు అనునదియే ఆ విషయము.

ఒక కుటుంబమును మనస్సునం దుంచుకొనుడు. తండ్రిలేని మేనల్లుని మేనమామ చేరదీసెను. తనకున్న రెండెకరముల నమ్మి వానిని అమెరికాకు చదువునకై పంపెను. ఆ పిల్లవాడు కృతఘ్నుడు కాడు. ఉద్యోగము దొరికి నిలద్రొక్కుకొనిన పిమ్మట, వృద్ధుడైన మేనమామకు ఇరువది లక్షల రూపాయలు బ్యాంకు ద్వారమున పంపెను. ఊరెల్ల మెచ్చుకొనెను. మేనమామ కన్నుల నీరు పెట్టుకొనెను. కాని ఆ యిరువది లక్షలును చట్టము దృష్టిలో ఆ వృద్ధుని ఆదాయము! ఆయనకు వేఱు రాబడి యేమియు లేకున్నను, 2025–26 ఆర్థికసంవత్సరపు నూతనవిధానపు రేట్లనుబట్టి సుంకముతో గూడ 2,08,000 రూపాయలు పన్ను చెల్లింపవలసివచ్చును.

ఇది యెట్లని మీరడుగుదురు. దానముపై పన్ను తీసివేసిరి గదా యని కొందరందురు. అది సగము మాత్రమే నిజము. 1958 నాటి దానపు పన్ను చట్టము దాతపై పన్ను వేసెడిది. 1998 అక్టోబరు 1 నుండి చేసిన దానములకు అది లేకపోయెను. కాని 2004 లో ప్రభుత్వమువారు అదే తలుపును వేఱొక వైపునుండి తెరచిరి. ఇప్పుడు పన్ను దాతపై గాక గ్రహీతపై పడుచున్నది. ఒక యార్థికసంవత్సరములో ప్రతిఫలము లేకుండ వచ్చిన సొమ్ము మొత్తము 50,000 రూపాయలను మించినచో, మించిన భాగము మాత్రమే కాదు, మొత్తమంతయు ఆదాయమగును. 1961 నాటి చట్టమునకు బదులుగా 2025 లో చేయబడి, 2026 ఏప్రిల్ 1 వ తేదీనుండి అమలునకు నిర్ణయింపబడిన నూతన చట్టమునందును ఈ సూత్రము నిలిచియే యున్నది.

దీనికి మినహాయింపులు గలవు. గ్రహీత తన వివాహసందర్భమున పొందినదానికి పన్ను లేదు. ఇచ్చినవా రెవరైనను సరే. మరణశాసనమువలనను, వారసత్వమువలనను వచ్చినదానికి లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది బంధువు లిచ్చినది. దానికెంత మొత్తమైనను పన్ను లేదు. చిక్కంతయు ఈ ‘బంధువు’ అను పదముననే యున్నది. మన బంధుత్వము వేఱు, చట్టము చెప్పు బంధుత్వము వేఱు.

గ్రహీతకు చట్టరీత్యా బంధువు లెవరన: భార్య లేక భర్త, తోబుట్టువులు, భార్య లేక భర్త యొక్క తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు, తనకును తన భార్యకును లేక భర్తకును నేరుగా పైతరమువారు, క్రిందితరమువారు, వీరందఱి భార్యలు, భర్తలు. ఇంతే.

దీనిని మన వరుసలకు అన్వయించి చూడుడు. మేనమామ మేనల్లునికిచ్చిన పన్ను లేదు. ఏలయన ఇచ్చినవాడు పుచ్చుకొన్నవాని తల్లికి తోబుట్టువు. మేనల్లుడు మేనమామకిచ్చిన పన్ను గలదు. తోబుట్టువుల సంతానము ఆ పట్టికలో లేదు. పినతండ్రికిని అన్నకుమారునికిని ఇదే న్యాయము. తోడల్లుడు బంధువే, వియ్యంకుడు కాడు. పినతండ్రి కుమారుని మనము తమ్ముడనియే పిలుతుము, చట్టము పిలువదు. కావున బ్యాంకు కాగితములో ‘సోదరుడు’ అని వ్రాసినంతమాత్రమున పన్ను తప్పదు సరికదా, అసత్యము వ్రాసిన దోషము కూడ చేరును. మేనల్లుడు మేనమామ కూతును పెండ్లాడినచో అల్లుడై పట్టికలో చేరును. పన్నుకొఱకు మేనరికములు చేయుడని మాత్రము నేను చెప్పుటలేదు!

కుమారుడు తల్లికి, తల్లి తన యన్నకు ఇచ్చినచో రెండింటికిని పన్ను లేదు గదా యని కొందరు చమత్కరింతురు. ప్రతి దానమును నిజమైనదైనచో సరియే. తల్లి కేవలము ద్వారమై, సొమ్ము ఆమెచేతిలో ఒక పూటయైన నిలువనిచో, అధికారి ఆ తెరను తొలగించి చూడకుండునా?

మఱి ఆ వృద్ధునకు గత్యంతరము లేదా? గలదు, కాని అది సొమ్ము పంపిన నాడు గాదు, ఇచ్చిన నాడే చేయవలసినది. నాడు మేనమామ యిచ్చినది అప్పైనచో, నేడు తిరిగివచ్చిన అసలు ఆదాయము కాదు. వడ్డీ పుచ్చుకొనినచో వడ్డీ మాత్రమే ఆదాయము. అప్పని నిరూపించుటకు పత్రమును, బ్యాంకు లెక్కయును వలయును. 20,000 రూపాయలు మొదలుకొని పైమొత్తములను నగదుగా అప్పు పుచ్చుకొనుట నిషిద్ధమనియు మఱవకుడు. మనవారు ‘మేనల్లునివద్ద పత్రము వ్రాయించుకొందునా’ యని సిగ్గుపడుదురు. ఆ సిగ్గునకు మూల్యము రెండు లక్షలు. దానమైనచో దానమని, అప్పైనచో అప్పని ఆనాడే నిజము వ్రాసికొనుడు. పిమ్మట పాతతేదీ వేసి పత్రము సృష్టించుట నేరము. దానిని నేను సమర్థింపను.

ఇక బంధువు పంపిన సొమ్మునకు పన్ను లేకున్నను, దానిని బ్యాంకులో వేయగా వచ్చు వడ్డీకి పన్ను గలదు. భర్త భార్యకును, అత్తమామలు కోడలికిని ఉచితముగా ఇచ్చినదానిపై వచ్చు ఆదాయము ఇచ్చినవారి లెక్కలోనే చేరును. కరీంనగరము, నిజామాబాదు, కోనసీమ, కడప ప్రాంతములనుండి గల్ఫుదేశములకు పోయిన కార్మికుడు భార్యకు నెలనెల పంపు గృహవ్యయమునకు భయము లేదు. బ్యాంకు ద్వారముననే తెప్పించుకొనుడు; హవాలా దారి త్రొక్కకుడు. ఆ దారిన వచ్చినదానికి మూలము చూపలేరు.

మనమే అచటికి పంపునపుడు, ఒక్కొక్కరు సంవత్సరమునకు 2,50,000 డాలర్లవరకు పంపవచ్చును. 2025 ఏప్రిల్ 1 నుండి ఈ యేర్పాటు క్రింద పంపు మొత్తము పది లక్షలు దాటినచో, దాటిన భాగముపై బ్యాంకువారు పన్ను ముందుగా వసూలు చేయుదురు; విద్య, వైద్యములు గాక బంధువులకు దానముగా పంపునపుడు అది నూటికి ఇరువది. ఇది పోయిన సొమ్ము కాదు. రిటర్ను దాఖలు చేసి పన్నులో సరిచేసికొనవచ్చును, మిగిలినది తిరిగి పొందవచ్చును.

అమెరికాలో న్యాయము తలక్రిందులు. అచట బాధ్యత దాతది. అచటి స్థిరనివాసి 2025 లో ఒక్కొక్క గ్రహీతకు 19,000 డాలర్లకు మించి యిచ్చినచో వివరము దాఖలు చేయవలెను. జీవితకాలపు మినహాయింపు పెద్దది గనుక సామాన్యులకు పన్ను పడుట అరుదు. మననుండి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి పుచ్చుకొన్న అచటి పన్నుదారుడు పన్ను కట్టనక్కఱలేదు గాని తెలియజేయవలెను. మఱచినచో జరిమానా నూటికి ఇరువదియైదువరకు పోవచ్చును. 2026 జనవరి 1 నుండి నగదు, మనీఆర్డరు మొదలగువానితో అచటినుండి పంపు సొమ్ముపై నూటికొకటి చొప్పున పన్ను గలదు. బ్యాంకు ఖాతానుండి పంపినచో లేదు.

తుదకు మన సంఘమునుగూర్చి యొక్కమాట. విద్యార్థివసతిగృహమునకు విదేశములందలి పోషకులు విరాళములు పంప నుత్సహించుచున్నారు. భారతపౌరుడుగా నున్నవాడు తన సొంతసొమ్ము బ్యాంకు ద్వారమున పంపినచో అది విదేశవిరాళము కాదు. అన్యదేశపౌరసత్వము పొందినవాడు మన రక్తబంధువే యైనను, 2010 నాటి విదేశవిరాళముల చట్టము ప్రకారము అనుమతి లేక సంఘమువారు పుచ్చుకొనరాదు. కోశాధికారిగారు రసీదు వ్రాయుటకు ముందు పౌరసత్వ మడుగవలెను.

సోదరులారా! మన పూర్వులు నోటిమాటపై భూములిచ్చిరి, పిల్లలను చదివించిరి. ఆ ప్రేమను తగ్గించుకొనుడని నేను చెప్పను. ఆ ప్రేమకొక కాగితమును తోడుచేయుడని మాత్రమే వేడుచున్నాను. రెండెకరములమ్మి మేనల్లుని చదివించిన వృద్ధుడు తన యౌదార్యమునకు తానే దండుగ చెల్లించుకొనుట ఈ సంఘమున మఱియెవ్వరికిని కలుగకుండుగాక!