శాలువా కప్పే ముందు

(గచ్చిబౌలిలో పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ల క్రితం మేము ఒక పరిశోధక విద్యార్థినికి శాలువా కప్పి సన్మానించాము. ఆమె వ్యాసం 'అంతర్జాతీయ' పత్రికలో వచ్చిందని మా ఆనందం. అందుకు ఆ కుటుంబం చెల్లించిన రుసుము ఎంతో మేము అడగలేదు. తరువాత ఉద్యోగ ఎంపికలో ఆ పత్రికకు గుర్తింపు లేదన్నారు. ఆ పొరపాటులో మా చప్పట్లకూ భాగముంది.

ఈ వ్యాపారం మనకు దూరాన లేదు. ఇక్కడి హైటెక్ సిటీ నుంచే ఓమిక్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ వందలాది పరిశోధన పత్రికలు నడిపింది. నిపుణుల సమీక్ష గురించి అసత్యాలు చెప్పిందని, రుసుమును ముందుగా స్పష్టం చేయలేదని, సమ్మతి లేకుండా పండితులను సంపాదకులుగా చూపిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సంస్థ ఆరోపణలను ఖండించింది. 2019లో నెవాడా ఫెడరల్ న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పునిచ్చింది.

అయితే గిరాకీ లేనిదే అంగడి నిలవదు. 2016 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం సమర్పించాలంటే ముందుగా కనీసం ఒక వ్యాసం ప్రచురించాలి. 2022లో ఆ నిర్బంధాన్ని తొలగించారు. కాని నియామకాలలో, పదోన్నతులలో ప్రచురణల లెక్క పోలేదు. గుమాస్తాగిరీ చేసిన మాకు ఆ లెక్క తెలుసు: దస్త్రంలో గడి ఉంటే అది నిండాలి, నింపినది చదివేవారు అరుదు.

ప్రతిష్ఠకూ వెల ఉంది. ఒక వ్యాసాన్ని పాఠకులందరికీ ఉచితంగా అందించాలంటే 2021లో 'నేచర్' రచయిత నుంచి 9,500 యూరోలు కోరేది. అంత సొమ్ము సంస్థలు భరించాలి గాని పాతబస్తీ ఇల్లు భరించగలదా? అల్పసంఖ్యాక వర్గాల పరిశోధకులకు 2009 నుంచి ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్లు కేంద్రం 2022 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపింది. ఇంటిలో తొలిసారి పరిశోధన దాకా వచ్చిన బిడ్డకు దారి చెప్పే పెద్దలూ తక్కువే.

రుసుము తీసుకునే పత్రికలన్నీ మోసపూరితం కావు. తీసుకోని మంచి పత్రికలూ ఉన్నాయి. 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' రచయితలను రుసుము అడగదు. కనుక వ్యాసం పంపే ముందు మూడు సంగతులు విచారించండి. రుసుము ఎంతో ముందే రాతపూర్వకంగా చెప్పారా? సంపాదకవర్గంలో కనబడే ఆచార్యులు తాము అందులో ఉన్నామని ఒప్పుకుంటున్నారా? సమీక్షకుల అభ్యంతరాలు ఏవీ లేకుండా వారంలోనే అంగీకారం వచ్చిందా? వస్తే సంతోషించకండి, సందేహించండి.

విశ్వవిద్యాలయాలను మనం అడగవలసినది ఒక్కటే: వ్యాసాలను లెక్కించకండి, చదవండి. ప్రభుత్వాన్ని అడగవలసినది ఫెలోషిప్ పునరుద్ధరణ. ఇక మా వంటి పెద్దలం శాలువా కప్పే ముందు, "బేటీ, దీనికి ఎంత కట్టావు? ఎవరు చదివి ఒప్పుకున్నారు?" అని అడగడం నేర్చుకుందాం.