అడిగితే వచ్చే స్వేచ్ఛ: ఒక రాయబారి ఇంటి ఉత్తరాలు

(ఒక మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. ఇక్కడ రెండు వందల ఏళ్ళ కిందటి ఒక అమెరికన్ రాయబారి ఉత్తరాలెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆయన థామస్ జెఫర్సన్. మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసినవాడు. వర్జీనియాలో వందల మంది నల్లజాతి బానిసలకు యజమాని. 1784 నుంచి 1789 దాకా ప్యారిస్‌లో ఉన్నాడు. అక్కడినుంచి ఆయన రాసిన రాజకీయ లేఖల మీద పుస్తకాలు చాలా వచ్చాయి. నాకు పని పడింది మిగతా ఉత్తరాలతో: జోళ్ళు, టేబుల్ గుడ్డలు, పిల్లల చదువు, పనివాళ్ళ సంగతులు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ, పంపిన ప్రతి ఉత్తరాన్నీ ఆయన ఒక పుస్తకంలో నమోదు చేసుకునేవాడు. నకలు తీసే యంత్రం కొనుక్కున్నాడు. ఇంటి ఖర్చులకు వేరే పుస్తకం ఉండేది. ఇంత శ్రద్ధగా రాసుకున్న మనిషి ఎవరి గురించి రాయలేదో చూడటం తేలిక.

లండన్‌లో ఆయనకు సమానుడైన రాయబారి జాన్ ఆడమ్స్. ఆడమ్స్ భార్య అబిగైల్‌తో జెఫర్సన్‌కు మంచి స్నేహం. ఆమెకు ప్యారిస్ నుంచి జోళ్ళు పంపేవాడు, తనకు లండన్ నుంచి టేబుల్ గుడ్డలూ చొక్కాలూ తెప్పించుకునేవాడు. కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్ళను గుర్తుంచుకోమని 1776లో భర్తకు రాసిన అబిగైల్ ఈమే. జెఫర్సన్ అభిప్రాయం వేరు. అమెరికా స్త్రీలు రాజకీయాలతో నుదురు ముడతలు పెట్టుకోరని, వాదాలతో అలసివచ్చిన భర్తలను సేదదీర్చడంతో తృప్తి పడతారని 1788లో ఒక స్నేహితురాలికి మెచ్చుకోలుగా రాశాడు.

అసలు విషయానికి వస్తాను. వర్జీనియాలో వదిలివచ్చిన చిన్న కూతురు లూసీ 1784లో కోరింత దగ్గుతో చనిపోయింది. దాంతో ఇంకో కూతురు పాలీని తన దగ్గరికి పంపమని జెఫర్సన్ ఇంటికి రాశాడు. వెంట ఒక నల్లజాతి పనిమనిషిని, మశూచి వచ్చి తగ్గినదాన్ని పంపమన్నాడు. పాలీకి రావడం ఇష్టం లేదు. పిన్ని దగ్గరే ఉంటానని తన చిన్న చేతులతో రాసింది. ఆ ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. చివరికి ఓడలో ఆడుకుంటూ నిద్రపోయినప్పుడు ఓడను కదిలించారు. ఆయన అడిగిన పనిమనిషి కాన్పు వల్ల రాలేకపోయింది. బదులుగా 14 ఏళ్ళ శాలీ హెమింగ్స్‌ను పంపారు. శాలీకి రావడం ఇష్టమేనా అని అడిగినట్లు ఎక్కడా లేదు.

1787 జూన్‌లో వాళ్ళు లండన్‌లో దిగారు. అబిగైల్ రాసిన ఉత్తరాల్లో పాలీ గురించి ముద్దుగా ఎంతో ఉంది. శాలీ గురించి ఉన్నది రెండు మూడు వాక్యాలు, అందులో పేరు లేదు. వెంట వచ్చిన పిల్ల తనే చిన్నపిల్లలా ఉందని, పెద్దగా పనికిరాదని, వెనక్కి తీసుకుపోవడమే మంచిదని ఓడ కెప్టెన్ అంటున్నాడని రాసింది. జెఫర్సన్ చనిపోయిన భార్యకూ శాలీకీ తండ్రి ఒక్కడేనని చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకుంటారు. అంటే పాలీకి శాలీ పిన్ని, జెఫర్సన్‌కు వరసకు మరదలు. ఉత్తరాల్లో మాత్రం పనిపిల్ల. మన కేసు రికార్డుల్లో కూడా ఇళ్ళల్లో పనికి పెట్టుకున్న అమ్మాయిల వివరాలు ఎవరి మాటల్లో నమోదవుతున్నాయో ఒకసారి తిరగేసి చూడండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టిన ఉత్తరం ఇంకొకటుంది. అది 1786 ఆగస్టు నాటిది. ఫ్రాన్సుకు ఒక నల్లజాతి పిల్లవాణ్ణి వెంట తెచ్చుకున్న పాల్ బెంటలూ అనే అతను, అక్కడి చట్టం సంగతేమిటని జెఫర్సన్‌ను అడిగాడు. జెఫర్సన్ వాకబు చేసి జవాబు రాశాడు. ఫ్రెంచి చట్టం ప్రకారం, అడిగితే ఆ పిల్లవాడికి స్వేచ్ఛ వస్తుంది. అయితే ఏమీ మాట్లాడకుండా బానిసను అట్టిపెట్టుకున్న ఒకరిని తనెరుగునని, ఆ మనిషి జోలికి ఎవరూ పోలేదని, ఈ పిల్లవాడు చిన్నవాడు గనక అడగాలని తోచకపోవచ్చని సలహా ఇచ్చాడు. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు శాలీ అన్న జేమ్స్ హెమింగ్స్ ప్యారిస్‌లోనే ఫ్రెంచి వంట నేర్చుకుంటున్నాడు.

హక్కు ఉంది, అడగాలి. అడగాలంటే తెలియాలి. తెలియకుండా ఉంచడం ఎవరి చేతుల్లో ఉంది? మనందరం రోజూ ఎదుర్కొనే ప్రశ్న ఒక రాయబారి మర్యాదగా రాసిన నాలుగు వాక్యాల్లో ఉంది. ఆయన చట్టాన్ని ఉల్లంఘించమని చెప్పలేదు. ఊరుకోమన్నాడు, అంతే.

ప్యారిస్‌లో శాలీ జీవితం మనకు ఖర్చుల పుస్తకంలో కనిపిస్తుంది. 1787 నవంబరులో ఆమెకు మశూచి టీకా వేసినందుకు డాక్టర్ సట్టన్‌కు 240 ఫ్రాంకులు. 1788లో కొద్దిపాటి జీతం. 1789లో బట్టలు. శాలీ చేతిరాతలో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ఆమె తరఫు కథ మనకు కొడుకు మాడిసన్ హెమింగ్స్ నోట వచ్చింది. 1873లో ఒహాయోలో ఒక పత్రిక ఆయన జ్ఞాపకాలను అచ్చువేసింది. ఫ్రాన్సులో తను స్వతంత్రురాలినని, వర్జీనియాకు పోతే మళ్ళీ బానిసనవుతానని చెప్పి తల్లి వెనక్కి రానన్నదని, అప్పటికి ఆమె గర్భవతి అని ఆయన చెప్పాడు. పుట్టే పిల్లలందరికీ 21 ఏళ్ళు రాగానే స్వేచ్ఛ ఇస్తానని జెఫర్సన్ మాట ఇచ్చాకే ఆమె ఓడ ఎక్కిందట. పనికిరాదని లండన్‌లో తేల్చిన పిల్ల, 16 ఏళ్ళకు యజమానితో బేరమాడింది.

ఈ మాటను చరిత్రకారులు నూరేళ్ళకు పైగా నమ్మలేదు. తెల్ల మనవలు తప్పును బంధువుల మీదికి నెట్టారు, పండితులు దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. 1997లో ఎనెట్ గోర్డన్-రీడ్ అనే నల్లజాతి న్యాయశాస్త్ర పండితురాలు ఎవరి సాక్ష్యాన్ని ఏ కొలతతో తూచారో విడమరచి చూపింది. 1998లో డిఎన్ఏ పరీక్ష, శాలీ చిన్నకొడుకు ఎస్టన్ తండ్రి జెఫర్సన్ వంశంవాడేనని తేల్చింది, బంధువుల కథను కొట్టేసింది. జెఫర్సనే తండ్రి అయివుండే అవకాశం చాలా ఎక్కువని ఆయన ఇంటిని నడిపే సంస్థ 2000లో ఒప్పుకుంది. ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చినప్పటి నుంచి నోటిమాటను చరిత్రగా చదవడం మనకు కొత్త కాదు. అయినా రక్తపరీక్ష దాకా ఆగాల్సి వచ్చిందంటే నాకు కోపమే వస్తుంది.

దీన్ని ప్రేమకథగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, నవలలూ సినిమాలూ వచ్చాయి. ఆయనకు 46, ఆమెకు 16, చట్టం దృష్టిలో ఆమె ఆయన ఆస్తి. అక్కడ ఇష్టమనే మాటకు అర్థం ఏముంటుంది? అలాగని ఆమెను ఉత్త బాధితురాలిగా మాత్రమే చూస్తే ఆ బేరం మనకు కనపడకుండా పోతుంది. బతికిన నలుగురు పిల్లలూ స్వతంత్రులయ్యారు. అది ఆమె సాధించుకున్నదే.

ఇంకో ఉత్తరం చెప్పి ఆపుతాను. 1787 మేలో, ప్యారిస్‌లో కాన్వెంటులో చదువుతున్న పెద్ద కూతురు పాట్సీ, 14 ఏళ్ళ పిల్ల, ఊళ్ళు తిరుగుతున్న తండ్రికి రాసింది. పాపం ఈ నల్లవాళ్ళందరికీ విముక్తి రావాలని మనసారా కోరుకుంటున్నానని. జెఫర్సన్ 1826లో చనిపోయాడు. వీలునామాలో ఐదుగురు మగవాళ్ళకు స్వేచ్ఛ ఇచ్చాడు, అందులో ఇద్దరు శాలీ కొడుకులు. శాలీ పేరు లేదు. ఆస్తుల జాబితాలో ఆమెకు కట్టిన విలువ 50 డాలర్లు. 1827 జనవరిలో, అప్పులు తీర్చడానికి, 130 మందిని వేలానికి పెట్టారు. ఆ ఇంటి పెత్తనం అప్పటికి పాట్సీది. శాలీని మాత్రం కొడుకుల దగ్గర ఉండటానికి ఆమె వెళ్ళనిచ్చింది. ఎనిమిదేళ్ళు ఊళ్ళో వాళ్ళతో ఉండి శాలీ 1835లో చనిపోయింది.