ఎంతమందిలో?



హైదరాబాద్ గాంధీనగర్‌లో సభ పెడితే చుట్టూ చదువుల సందడే. అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్‌కూ సివిల్స్‌కూ తయారయ్యేవాళ్ళు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ పట్టుకునేవాళ్ళు. వాళ్ళకు ప్రశ్నపత్రం ఎవరో తయారుచేసి పెడతారు. ఇవాళ ఇక్కడ అందుకుంటున్న ఫార్మసీ పట్టాతో ఫార్మకోఎపిడెమియాలజీలో పీహెచ్‌.డి. వైపు వెళ్ళేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. ప్రశ్నను కూడా వాళ్ళే వెతుక్కోవాలి.

పేరు నోరు తిరగదు గానీ పని సూటిగా చెప్పొచ్చు. మందు ఫ్యాక్టరీ గేటు దాటి లక్షల ఇళ్ళకు చేరాక అక్కడ ఏం మేలు చేస్తోంది, ఏం కీడు చేస్తోంది, ఎంతమందిలో ఎందరికి చేస్తోంది అన్నది లెక్కతేల్చడం ఆ శాస్త్రం పని.

అనుమతికి ముందు ప్రయోగాలు చేస్తారు కదా, మళ్ళీ ఈ లెక్క ఎందుకు? ఒక ట్రయల్‌లో 3,000 మందికి మందిచ్చారు, ఒక్కరికీ కాలేయం దెబ్బతినలేదు అనుకుందాం. గణాంక శాస్త్రం ప్రకారం దాన్నిబట్టి గట్టిగా చెప్పగలిగింది ఒకటే: ఆ ప్రమాదం వెయ్యికి ఒకటికన్నా ఎక్కువ ఉండకపోవచ్చు. అదే మందును కోటిమంది వాడితే వెయ్యికి ఒకటంటే పదివేలమంది. పైగా ట్రయల్స్‌లో గర్భిణులు, ముసలివాళ్ళు, నాలుగైదు రోగాలకు నాలుగైదు రకాల గోలీలు మింగేవాళ్ళు తక్కువ. మెడికల్ షాపు ముందు నిలబడేది ఎక్కువగా వాళ్ళే.

ఈ లెక్కకు ఇక్కడికి దగ్గర్లోనే పాత చరిత్ర ఉంది. కోఠీ రెసిడెన్సీలో సర్జన్‌గా, హైదరాబాద్ మెడికల్ స్కూలు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫాం మీద గట్టి నమ్మకం. యూరప్‌లో అప్పటికి 40 ఏళ్ళుగా ఆ మత్తుమందు మీద రగడ నడుస్తోంది. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫాం పీల్చిన కాసేపటికే చనిపోయింది. ముందు ఆగింది గుండెనా, ఊపిరా? ఊపిరేనని లారీ పట్టు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు కమిషన్లు హైదరాబాద్‌లో కూర్చున్నాయి. రెండోదానికి లాన్సెట్ వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు; అందుకు నిజాం ప్రభుత్వం 1,000 పౌండ్లు ఇచ్చింది. వందల కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా తర్వాత పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ పనిలో పాల్గొన్నారు. తీర్పు లారీ అనుకున్నట్టే వచ్చింది: ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదు.

ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని 1911లో ఆల్ఫ్రెడ్ గుడ్‌మన్ లెవీ చూపించాడు. అంతకుముందే, 1893లో, లాన్సెట్ కుక్కలను వదిలేసి వేరే దారి తొక్కింది. ఆసుపత్రుల నుంచి మత్తులో జరిగిన మరణాల వివరాలు తెప్పించి, క్లోరోఫాంనూ మరో మత్తుమందైన ఈథర్‌నూ పక్కపక్కన పెట్టి చూసింది. క్లోరోఫామే ఎక్కువ ప్రమాదకరమని తేలింది. మందుల దుష్ప్రభావాలను డాక్టర్ల నుంచి సేకరించే పద్ధతికి చరిత్రకారులు ఆ నివేదికను తొలిమెట్టుగా చెబుతారు. తన చేతుల మీదుగా ఎవరూ పోలేదని ఒక్క ఆసుపత్రి ఎంత గట్టిగా చెప్పినా, పోల్చి చూడడానికి రెండో గుంపు లేకపోతే ఆ మాట రుజువు కాదు.

ఇక నారాయణగూడకు వద్దాం. కుక్క కరిస్తే అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)కు పరుగెత్తడం ఈ ఊళ్ళో చాలా ఇళ్ళ అనుభవం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల మాట పెద్దవాళ్ళ నోట ఇంకా వినిపిస్తుంది. అది 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకా, గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. ఆ మెదడు పదార్థం వల్లే కొద్దిమందికి పక్షవాతం వచ్చేది. అయినా దశాబ్దాల పాటు వాడారంటే కారణం ఉంది. రేబిస్ లక్షణాలు బయటపడితే చావు దాదాపు ఖాయం, ఆ చావు ముందు పక్షవాతం ముప్పు చిన్నది. కణాల మీద పెంచిన సురక్షితమైన టీకాలు వచ్చాక పోలిక మారిపోయింది. అదే పక్షవాతం, అదే లెక్క, ఇప్పుడు ఒప్పుకోలేనిదైంది. 2004 చివరికి మనదేశం సెంపుల్ టీకాను ఆపేసింది.

మూడో ఉదంతం చేదైనది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి నడిపిన పథకం అది. భద్రాచలం ప్రాంతపు హాస్టళ్ళలోని గిరిజన పిల్లలు కూడా అందులో ఉన్నారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో పథకం ఆగింది. మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల వార్డెన్లు పెట్టారు. టీకా వేసుకోని అదే వయసు పిల్లల్లో ఏడాదికి ఎన్ని మరణాలు జరుగుతాయన్న లెక్క జనానికి సరిగా చేరలేదు. ఆ ఖాళీలో అనుమానం పెరిగింది.

అదే టీకా గురించి స్వీడన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో 16 లక్షలకు పైగా అమ్మాయిలు, యువతుల రికార్డులున్నాయి. 17 ఏళ్ళ లోపు టీకా వేయించుకున్నవాళ్ళలో ఆ క్యాన్సర్ 88 శాతం తక్కువ. అక్కడ ప్రతి మనిషికీ ఉన్న ఒకే గుర్తింపు సంఖ్య టీకా రికార్డునూ క్యాన్సర్ రికార్డునూ కలుపుతుంది. ఖమ్మంలో అలాంటి ఏర్పాటు లేదు, అడిగి సంతకం తీసుకునే మర్యాద కూడా చాలాచోట్ల లేకపోయింది.

ఇలాంటి పనికి ఎదురుచూస్తున్న తెలుగు నేల ఒకటుంది: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, కొబ్బరి తోటల మధ్య కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇంకా తేలలేదు. నీళ్ళలో సిలికా, ఎండలో ఒళ్ళెండే పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అనుమానితుల జాబితా పెద్దదే. నొప్పి మాత్రల సంగతే చూద్దాం. జబ్బుపడ్డవాళ్ళు మాత్రలు ఎక్కువ వాడారని తేలితే మాత్రలే దోషి అని తీర్పు చెప్పొచ్చా? ఎండలో నడుం వంచి పనిచేసేవాడికే నొప్పి, వాడికే మాత్ర, వాడికే ఎండదెబ్బ. మూడింటిలో కిడ్నీని తిన్నది ఏది? లేదా జబ్బు మొదలై ఒళ్ళునొప్పులు వచ్చాకే మాత్ర మింగి ఉండొచ్చు. చీటీ లేకుండా కొన్న మాత్రకు రికార్డు ఉండదు, పదేళ్ళ నాటిది ఎవరికీ గుర్తుండదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను ఇప్పుడే చేర్చుకుని, ఏం వాడుతున్నారో ఏటేటా రాసుకుంటూ, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేస్తూ పోవడమే దారి. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ పరిశోధన కేంద్రం అలాంటి అధ్యయనానికి తగిన చోటు.

పీహెచ్‌.డి. మొదటి ఏడాది నేర్పాల్సింది ఈ అనుమానించే అలవాటునే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్కుకు కనీసం 12 క్రెడిట్లు, అందులో పరిశోధన నైతికత తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ నడపడం ఎవరైనా నేర్పుతారు. కాలం దాచిపెట్టే మోసాన్ని పట్టుకోవడం కష్టం. ఉదాహరణకు, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళాక మూడు నెలల్లో ఒక మందు మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువకాలం బతికారని ఒక పరిశోధన చెబుతుంది. మందు మొదలుపెట్టాలంటే అప్పటిదాకా బతికి ఉండాలి కదా! మొదటి వారమే పోయినవాళ్ళంతా 'వాడనివాళ్ళ' ఖాతాలో పడతారు. కెనడా పరిశోధకుడు సామీ సూయిసా ఈ పొరపాటును పేరున్న పత్రికల్లో అచ్చయిన వ్యాసాల్లోనే మళ్ళీమళ్ళీ పట్టి చూపించారు.

హైదరాబాద్‌కు మందులు తయారుచేయడంలో అనుభవం కొత్త కాదు. బాలానగర్ ఐడీపీఎల్ నుంచి నేటి బల్క్‌డ్రగ్ కంపెనీల దాకా ఆ వరస తెలిసిందే. తయారైన మందు జనంలో ఎలా నడుస్తోందో చూసే ఏర్పాటు మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఫార్మ్‌.డి. కోర్సు 2008లో, ఇప్పటి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలయ్యాయి. నెలసరి నొప్పికి విరివిగా వాడే మెఫెనమిక్ ఆమ్లం అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీని తేవచ్చని 2023లో హెచ్చరిక వచ్చింది ఆ వ్యవస్థ నుంచే. దుష్ప్రభావాన్ని రోగి స్వయంగా తెలియజేసే ఫారం తెలుగులోనూ ఉంది; టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. అయితే ఆ ఫారాలు కీడు జరిగిందని ఎందరు తెలియజేశారో చెబుతాయి గానీ, ఎంతమంది వాడారో చెప్పవు. ఆ రెండో అంకె ఆసుపత్రి ఫార్మసీ రిజిస్టర్లలో, ఆరోగ్యశ్రీ లాంటి పథకాల రికార్డుల్లో విడివిడిగా పడి ఉంది.

అందుకే పట్టభద్రులకు అభినందనలతో పాటు, సభలో ఉన్న ఆసుపత్రుల, ఆరోగ్యశాఖ అధికారులకు ఒక విన్నపం. రోగి పేరు, చిరునామా తీసేసి, మందు పేరు, మోతాదు, తేదీ, జబ్బు, ఫలితం ఉన్న రికార్డులను నైతిక సంఘం అనుమతితో ఈ పిల్లలకు అందేలా చూడాలి. ఉద్దానం నుంచి ముషీరాబాద్ గాంధీ ఆసుపత్రి దాకా వాళ్ళు అడగబోయే ప్రశ్నలకు మొదట కావలసింది ఆ రికార్డులే.