ఆహార నియమం: కొద్దిగానైనా నిత్యంగా

సకల స్తోత్రాలూ మనకు ఆహారాన్నీ, దానిని ఆస్వాదించే దేహాన్నీ ప్రసాదించిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!



షుగర్ పుండు వల్ల కాలు కోల్పోయిన ఒక పెద్దాయన మస్జిదులో కుర్చీపై కూర్చొని, "మౌలానా, నా నుదురు నేలను తాకి ఏడాదయింది" అని కంటతడి పెట్టారు. ఆ మాట మమ్మల్ని నేటికీ వదలలేదు. దేహం మన సొత్తు కాదు. అల్లాహ్ అప్పగించిన అమానత్.

ఒకప్పుడు మన గిద్దలూరు ప్రాంతంలో జొన్నలు, సజ్జలు, కొర్రలే నిత్యాహారం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి పేదల ఆకలి తీర్చింది. అందుకు మనం కృతజ్ఞులం. అయితే క్రమంగా తెల్లన్నమే పళ్లెమంతా నిండింది. శారీరక శ్రమ తగ్గింది. చాయ్‌లో చక్కెర, దావత్‌లలో నూనె, డాల్డా పెరిగాయి.

దైవప్రవక్త (స) కాలంలో జల్లెడ పట్టని బార్లీ పిండితో రొట్టె చేసేవారని, ఊదితే పోయిన పొట్టు పోగా మిగిలినదానినే తడిపి వండేవారని సహీహ్ బుఖారీ ద్వారా తెలుస్తున్నది. ఆరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ అన్నపానీయాలను అనుమతిస్తూనే మితిమీరడాన్ని వారించాడు.

మరి మారేదెలా? మద్య నిషేధాన్ని స్మరించండి. అల్లాహ్ మొదట దాని కీడును తెలిపాడు (బఖరా 219), పిదప మత్తులో నమాజును సమీపించవద్దన్నాడు (నిసా 43), చివరకు పూర్తిగా నిషేధించాడు (మాయిదా 90). నిషిద్ధమైన వాటిని మానడానికి నేడు గడువు లేదు. కాని ధర్మసమ్మతమైన వాటిలో మితం అలవరచుకోవడానికి ఈ క్రమంలో మనకు గొప్ప పాఠం ఉంది. కొద్దిపాటిదైనా నిత్యం చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమని ప్రవక్త (స) బోధించారు.

మా సంగతే చెబుతాం. వైద్యుని హెచ్చరికతో ఒక రంజాన్‌లో చక్కెరను ఒక్కసారిగా మానేశాం. ఈద్ నాటి రెండు గిన్నెల షీర్ ఖుర్మాతో ఆ ప్రతిజ్ఞ ముగిసింది! తరువాత రెండు వారాలకొకసారి చాయ్‌లో అర చెంచా చొప్పున తగ్గించాం. రెండు నెలలకు నాలుకే మారిపోయింది.

చిన్న చెంచాడు చక్కెర సుమారు 4 గ్రాములు. రెండేసి చెంచాలతో ఐదు చాయ్‌లు తాగితే 40 గ్రాములు. రోజుకు 25 గ్రాములలోపే ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

కనుక ఈ జుమా నుండి ఒక్క మార్పుతో ఆరంభించండి. చాయ్‌లో అర చెంచా తగ్గించండి; లేదా వారానికి రెండు రాత్రులు అన్నానికి బదులు జొన్నరొట్టె తినండి. అది స్థిరపడ్డాకే రెండవదానికి పూనుకోండి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ముందు వైద్యుని సంప్రదించాలి. వంటింటి భారం మోసే స్త్రీలను నిందించకండి. ఇంటిల్లిపాదీ కలిసి మారండి. దావత్‌లో వద్దన్న అతిథికి బలవంతంగా వడ్డించకండి. అతని ఆరోగ్యాన్ని కాపాడటమే నిజమైన ఆతిథ్యం.

ఓ అల్లాహ్! మా ఆహారంలో శుభాన్ని, అలవాట్లలో మితాన్ని ప్రసాదించు. వ్యాధిగ్రస్తులకు స్వస్థత చేకూర్చు. తుదిశ్వాస వరకు మా నుదుళ్లను నీ సన్నిధిలో నేలకు ఆనించే శక్తిని అనుగ్రహించు. ఆమీన్.